సాకెట్‌లో దూరితే సరిపోయినట్టేనా?

"ట్యూబ్ హెడ్‌ఫోన్ యాంప్ ఉన్న ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి" అంటూ మొదలయ్యే మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపినవాళ్లు విషయం తెలియనివాళ్లైతే ఊరుకునేవాణ్ణి. టంకం పెట్టడం వచ్చినవాళ్లు, మల్టీమీటర్ ఇంట్లో ఉన్నవాళ్లు పంపుతున్నారు. అందుకే ఒళ్లు మండింది. చదవనివాళ్ల కోసం దాని సారం ఇది: కంపెనీ ఇచ్చిన ట్యూబులు (సిగ్నల్‌ని పెంచే గాజు వాక్యూమ్ ట్యూబులు) చెత్త, మార్చేస్తే యాంప్ కొత్త జన్మ ఎత్తుతుంది. పిన్నుల లెక్క కుదిరితే ఏ ట్యూబైనా పెట్టుకోవచ్చు. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) ఎక్కువున్న ట్యూబ్ పెడితే పవర్ పెరుగుతుంది. పాత స్టాకు ట్యూబ్ (ఎప్పుడో చేసి వాడకుండా మిగిలినది) ఎప్పుడూ కొత్తదాని కంటే మేలు, బంగారు పిన్నులుంటే మరీ మేలు. వంద గంటలు వాడితే గానీ అసలు శబ్దం బయటపడదు. తేడా తెలియాలంటే యాంప్ ఆన్‌లో ఉండగానే చకచకా మార్చి వినాలి.

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. బంగారు పూత పిన్నులు నల్లబడకుండా వేస్తారు, శబ్దం కోసం కాదు. మామూలు పిన్నులు నల్లబడితే తుడుచుకోండి, ఆ ముచ్చటా తీరిపోతుంది. వంద గంటల కథకొస్తే, కొత్త ట్యూబ్ మొదటి కొన్ని గంటల్లో కాస్త కుదురుకునే మాట నిజమే. మిగతా తొంభై గంటల్లో కుదురుకునేవి మీ చెవులు. ఈలోగా సరుకు వాపసు ఇచ్చే గడువు కూడా దాటిపోతుంది. ఆ సంగతి అమ్మేవాడికి తెలియదనుకోకండి.

ఇక పిన్నుల లెక్క. "9 పిన్నుల సాకెట్‌కి 9 పిన్నుల ట్యూబ్, ఇందులో కంగారు పడాల్సిందేం లేదు" అని సెలవిచ్చాడు మహానుభావుడు. ఈ ఒక్క వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను.

6డీజే8 అనే ట్యూబ్ తీసుకోండి. దాని హీటర్, అంటే ట్యూబ్‌ని లోపల వేడెక్కించే తీగ, 4, 5 పిన్నుల మీద ఉంటుంది. 1, 6 ప్లేట్లు, అంటే ఎక్కువ వోల్టేజీ అందే భాగాలు. 9వది లోపలి షీల్డు, సాధారణంగా దాన్ని గ్రౌండ్‌కి కలుపుతారు. ఇప్పుడు 5670 చూడండి. అదీ 9 పిన్నులే, అదీ జంట ట్రయోడే (ఒకే గాజులో రెండు ట్యూబులన్నమాట), హీటర్‌కి కావలసింది అదే 6.3 వోల్టులు. కానీ దాని హీటర్ 1, 9 పిన్నుల మీద ఉంది. 4వ పిన్ను ప్లేటు. దీన్ని తీసుకెళ్లి 6డీజే8 సాకెట్‌లో గుచ్చితే హీటర్ సప్లై పోయి ప్లేటుకి తగులుతుంది, ప్లేటుకి రావలసిన వోల్టేజీ హీటర్ గుండా గ్రౌండ్‌కి దారి వెతుక్కుంటుంది. రష్యన్ 6ఎన్3పీ అమరిక కూడా ఇదే. దూరడం మాత్రం భేషుగ్గా దూరుతుంది.

12ఏయూ7 సంగతి ఇంకా తమాషా. దాని హీటర్ రెండు సగాలుగా ఉంటుంది. 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులు ఇవ్వొచ్చు. లేదా 4, 5 కలిపేసి, వాటికీ 9వ పిన్నుకీ మధ్య 6.3 ఇవ్వొచ్చు. మీ యాంప్‌లో ఏ పద్ధతి వాడారో పైనుంచి చూస్తే తెలియదు. మొదటి పద్ధతిలో తీగలు వేసిన సాకెట్‌లో 6డీజే8 పెడితే 6.3 వోల్టుల హీటర్ మీద రెట్టింపు పడుతుంది, ధగధగా వెలిగి తెల్లారిపోతుంది. రెండో పద్ధతైతే 4, 5 ఒకే తీగ కాబట్టి అసలు వెలగదు. వెలగనివాడు అదృష్టవంతుడు. హీటర్ గండం ఎలాగో గట్టెక్కిందనుకున్నా, 12ఏయూ7 ప్లేటు 300 వోల్టుల దాకా తట్టుకుంటుంది, 6డీజే8 పరిమితి 130.

పిన్నులు అచ్చంగా కుదిరే సందర్భాలు కూడా ఉన్నాయి, నిజానికి అవే ఎక్కువ మోసం చేస్తాయి. 6డీజే8 బదులు 6ఎన్1పీ పెట్టడం అలాంటిదే. పిన్నుకి పిన్ను సరిపోతుంది, హీటర్ 6.3 వోల్టులే, పాట కూడా వస్తుంది. మెసేజ్ రాసినాయన "స్వయంగా పరీక్షించి చూశాను" అని చెప్పుకున్నది దీని గురించే. 6డీజే8 హీటర్ 365 మిల్లీఆంపియర్లు తీసుకుంటే 6ఎన్1పీ 600 లాగుతుంది. రెండు ట్యూబుల యాంప్‌లో 0.73 ఆంపియర్లు కాస్తా 1.2 అవుతాయి. యాంప్‌కి కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మర్ ఆ రోజే చావదు, వేడెక్కుతుంది. హీటర్‌కి రెగ్యులేటర్ ఉంటే అదీ వేడెక్కుతుంది. ఎప్పుడో ఒకనాడు పాట మధ్యలో గుయ్యిమనే హమ్ వస్తుంది, లేదా కమురు వాసన వస్తుంది. అప్పుడు మెసేజ్ ఎవరికీ గుర్తుండదు, యాంప్ చేసినవాడికి శాపనార్థాలు.

ఇంతకంటే ఘోరం ఒకే యాంప్‌లో పక్కపక్కనే ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ హెడ్‌ఫోన్ యాంపుల్లో ముందు సిగ్నల్‌ని పెంచడానికి 6ఎస్ఎన్7, వెనక హెడ్‌ఫోన్‌ని నడపడానికి 6080 ఉండటం మామూలు. రెండూ 8 పిన్నులవే. పిన్నుల అమరిక కూడా అక్షరాలా ఒకటే. హీటర్ మాత్రం ఒకదానికి 0.6 ఆంపియర్లు, రెండోదానికి 2.5. "పిన్నులు కుదిరితే చాలు" అని నమ్మినవాడు పొరపాటున వాటిని అటూ ఇటూ మార్చి పెడితే ఆపేదేముంది?

అడాప్టర్లు దొరుకుతున్నాయిగా అంటారు. అడాప్టర్ పిన్నుల దారి మళ్లిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ని లావు చేయదు. డేటాషీట్ (ట్యూబ్ కొలతలు, పరిమితుల పట్టిక) చూడండయ్యా అంటే "అంత టెక్నికల్ మనకెందుకు, చెవే చెబుతుంది" అని జవాబొచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల ఉష్ణోగ్రత చెప్పే చెవి ఎవరికైనా ఉంటే దయచేసి పరిచయం చేయండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

గెయిన్ పెరిగితే పవర్ పెరుగుతుందన్న మాట. 12ఏఎక్స్7 గెయిన్ 100, 12ఏటీ7ది 60, 12ఏయూ7ది 20కి అటూఇటూ. ఈ మూడింటికీ పిన్నులూ హీటరూ ఒకటే కాబట్టి తమలో తాము మార్చుకుంటే ఏదీ కాలిపోదు. కానీ 12ఏయూ7 కోసం లెక్కగట్టిన రెసిస్టర్ల మీద 12ఏఎక్స్7 కూర్చోబెడితే వచ్చేది పవర్ కాదు. హెడ్‌ఫోన్‌కి ఎంత పవర్ ఇవ్వాలో తేల్చేది వెనకున్న అవుట్‌పుట్ భాగం. ముందు ట్యూబ్ గెయిన్ పెరిగితే వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పేసరికే చెవులు పగులుతాయి, దాంతోపాటు సర్రుమనే శబ్దం కూడా పెరుగుతుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. కాస్త గట్టిగా వినిపించిందల్లా మన చెవికి బాగున్నట్టే ఉంటుంది. "తెర తొలగిపోయింది", "గాయని ఎదురుగా నిలబడింది" అని రాసేవాళ్లలో చాలామంది ఒక డెసిబెల్ తేడాకి మురిసిపోతున్నవాళ్లే. నమ్మకపోతే హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టండి. మొదటి ట్యూబుతో 0.500 వోల్టులు వచ్చేలా నాబ్ తిప్పండి. రెండో ట్యూబుతో 0.495కీ 0.505కీ మధ్యకి తెచ్చుకోండి. అంటే 0.1 డెసిబెల్ లోపు. ఏ ట్యూబ్ ఉందో మీకు తెలియకుండా ఇంకొకరి చేత పెట్టించుకుని అప్పుడు వినండి. గాయని ఇంకా ఎదురుగానే నిలబడి ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

పాత స్టాకు గురించి సగం ఒప్పుకుంటాను. 6డీజే8కి మేలురకమైన పాతకాలపు ఈ88సీసీ లాంటివి 10,000 గంటల ఆయుష్షు లక్ష్యంగా చేసినవి, తట్టితే గంటలా మోగని మంచి సరుకు. కానీ "ఎప్పుడూ మేలు" ఏమిటి? ఆ రోజుల్లో కంపెనీలు ఒకరి ట్యూబులు ఒకరు కొని తమ పేరు అచ్చు వేసుకునేవి. ఆ అచ్చు వేలితో రుద్దితేనే చెరిగిపోతుంది, మళ్లీ వేయడం ఎవడికైనా చేతనవుతుంది. ఇవాళ ముల్లార్డ్, టుంగ్-సోల్ అనే పాత కంపెనీల పేర్లతో కొత్తగా వస్తున్నవి రష్యాలోని సరాటోవ్ ఫ్యాక్టరీ సరుకు. అవి చెడ్డవని కాదు, పేరు చూసి 1960ల నాటి అసలు సరుకు అనుకోవద్దని. కొనేముందు పేరు వదిలేసి గాజు చూడండి. పైన అద్దంలా మెరిసే వెండి పూత ఉంటుంది, గెట్టర్ అంటారు. అది పాలలా తెల్లబడి ఉంటే లోపలికి గాలి పోయింది, ఎంత గొప్ప పేరున్నా అది ఖాళీ గాజు బుడ్డి.

ఆన్‌లో ఉండగా మార్చమన్నవాడికి ఏం చెప్పాలి? ఆ సాకెట్‌లో వందకి పైగా వోల్టులు ఉండొచ్చు. గాజు చేతిని కాలుస్తుంది. ఓటీఎల్ అయితే ట్యూబ్ పీకి పెట్టిన ప్రతిసారీ అవుట్‌పుట్ కెపాసిటర్ హెడ్‌ఫోన్ గుండా ఛార్జవుతుంది, ఆ ధడేల్‌మన్న దెబ్బ మీ హెడ్‌ఫోన్ డయాఫ్రం (శబ్దం పుట్టించే పొర) మీదే. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, చల్లారాక మార్చండి. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు.

మిగిలింది "కొత్త జన్మ". చవక హైబ్రిడ్ యాంపుల్లో ట్యూబ్ వెనక ఆప్-ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) పని చేస్తుంటుంది, ట్యూబ్ కింద నారింజ రంగు ఎల్ఈడీ వెలుగుతుంటుంది. అక్కడ ట్యూబ్ మార్చితే జన్మ ఎత్తేది ఏమీ లేదు. ఎల్ఈడీ రంగు మార్చి చూడండి, తేడా అంతకంటే స్పష్టంగా ఉంటుంది.

అయితే ఒక చోట మెసేజ్ చెప్పింది నిజం, ఆ రాసినాయనకి తెలియకపోయినా. ఓటీఎల్ యాంప్‌లో వెనక ట్యూబ్ మార్చితే శబ్దం మారుతుంది, కొలవగలిగినంత మారుతుంది. 6080 బదులు 5998 పెడితే ట్రాన్స్‌కండక్టెన్స్ (వోల్టేజీ మారితే కరెంటు ఎంత మారుతుందో ఆ కొలత) దాదాపు రెట్టింపు, కాబట్టి అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (యాంప్ తన లోపల చూపే అడ్డు) సుమారు సగమవుతుంది. హీటర్ 2.4 ఆంపియర్లే కనుక దాంతో పేచీ లేదు, మిగతాది యాంప్ చేసినవాణ్ణి అడగండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి హెడ్‌ఫోన్ పేరుకి 300 ఓములు, బాస్ దగ్గర 500 దాకా ఎక్కుతుంది. యాంప్, హెడ్‌ఫోన్ వోల్టేజీని తమ ఇంపిడెన్స్ ప్రకారం పంచుకుంటాయి కాబట్టి, యాంప్ ఇంపిడెన్స్ 100 ఓములైతే బాస్ దాదాపు 0.9 డెసిబెల్ ఉబ్బుతుంది, 50కి దిగితే ఆ ఉబ్బు 0.5. నిండుగా ఉన్న బాస్ కాస్త బిగుసుకున్నట్టు వినిపిస్తుంది, నాకూ వినిపిస్తుంది. రెండిట్లో ఏది బాగుందంటే మీ ఇష్టం, నాకైతే 6080 ఉబ్బే నచ్చుతుంది.

ఇది 300 ఓముల హెడ్‌ఫోన్ల మాట. అదే 100 ఓముల యాంప్‌కి 32 ఓములది తగిలిస్తే వోల్టేజీలో పావు వంతు కూడా హెడ్‌ఫోన్‌కి చేరదు, ఏ ట్యూబూ దాన్ని కాపాడలేదు. అక్కడ మార్చాల్సింది యాంప్‌ని.