ఒప్పందం కుదిరిపోయాక విచారణా?

డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. ఏడాదికో, గరిష్ఠంగా పదేళ్లకో రుసుము కట్టి వాడుకోవాల్సిందే. సంస్థ వెబ్‌సైట్, ఉద్యోగుల ఈమెయిళ్లు, ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకం అన్నీ ఆ పేరు మీదే ఆధారపడి ఉంటాయి. అద్దె పెంచారని ఇల్లు మారినట్టు డొమైన్ మారలేం. అందువల్ల ఆ రుసుములకు హద్దు పెట్టాలా, ఎత్తేయాలా అని ఒప్పందాల్లో తేల్చే, ప్రపంచ డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే సంస్థ ఐకాన్ ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న పేరు నమోదు చేసుకున్న ప్రతి ఒక్కరిదీ.

1998లో కాలిఫోర్నియాలో లాభాపేక్షలేని సంస్థగా పుట్టిన ఐకాన్ మీద 2016 సెప్టెంబరు వరకు అమెరికా వాణిజ్య శాఖ అజమాయిషీ ఉండేది. డాట్ కామ్ నుంచి దేశాల డొమైన్ల దాకా అన్నీ నమోదయ్యే రూట్ జోన్ అనే మూల పట్టికలో ఏ మార్పు జరగాలన్నా ఆ శాఖ ఆమోదం కావాల్సివచ్చేది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆ బంధం తెగింది. అది మంచి మార్పేనని మేము ఇప్పటికీ నమ్ముతున్నాం. రష్యా డొమైన్లను తొలగించమని ఉక్రెయిన్ కోరినప్పుడు 2022 మార్చిలో ఐకాన్ నిరాకరించింది. ఏ పక్షం న్యాయమైనదైనా, యుద్ధంలో డొమైన్ ఆయుధం కాకూడదు.

అయితే ప్రభుత్వ అజమాయిషీ స్థానంలో వచ్చిన ఏర్పాటు ఏమిటి? ఐపీ చిరునామాల సంస్థలు, దేశాల డొమైన్ల నిర్వాహకులు, జనరిక్ (డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి) డొమైన్ల విధాన మండలి, సాధారణ వినియోగదారుల సలహా సంఘం, ప్రభుత్వాల సలహా సంఘం అనే ఐదు వర్గాలకు ఉమ్మడిగా కొన్ని అధికారాలిచ్చారు. బడ్జెట్‌ను తిప్పికొట్టవచ్చు. బోర్డు మొత్తాన్నీ ఇంటికి పంపవచ్చు. ఇందుకు కనీసం నాలుగు వర్గాలు మద్దతివ్వాలి, వ్యతిరేకించేది ఒకటికి మించకూడదు. కానీ ఒక్కో డొమైన్‌ను నడిపే సంస్థలైన రిజిస్ట్రీలతో ఐకాన్ చేసుకునే ఒప్పందాలను తిరస్కరించే అధికారం ఆ జాబితాలో లేదు. ఒక ధరల నిబంధన నచ్చలేదని బోర్డునే దించేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. దాన్ని ఎవరూ ప్రయోగించరు.

సేవాసంస్థలు ఎక్కువగా వాడే డాట్ ఆర్గ్ విషయంలో జరిగిందే చూడండి. ఆ డొమైన్ ధరను ఏటా 10 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితిని ఎత్తేస్తామని ఐకాన్ ప్రతిపాదించినప్పుడు 3 వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, దాదాపు అన్నీ వ్యతిరేకమే. అయినా 2019 జూన్ 30న పరిమితి లేని ఒప్పందం కుదిరిపోయింది. ఐదు నెలలు తిరక్కుండానే, నవంబరులో, ఆ రిజిస్ట్రీని 113.5 కోట్ల డాలర్లకు ఒక ప్రైవేటు పెట్టుబడి సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటన వెలువడింది. 36 కోట్ల డాలర్ల అప్పు ఆ రిజిస్ట్రీ నెత్తిన పడేది. కాలిఫోర్నియా అటార్నీ జనరల్ అభ్యంతరం చెబుతూ లేఖ రాశాక, 2020 ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు అమ్మకానికి సమ్మతి నిరాకరించింది. అమ్మకం ఆగింది. ధరల పరిమితి మాత్రం తిరిగి రాలేదు.

పరిమితి ఎత్తేయడంపై నేమ్‌చీప్ అనే రిజిస్ట్రార్ (వినియోగదారులకు డొమైన్ పేర్లు నమోదు చేసిపెట్టే కంపెనీ) పోరాడింది. మొదటి మెట్టు పునఃపరిశీలన వినతి. 30 రోజుల్లోగా దాఖలు చేయాలి, పరిశీలించేది బోర్డు ఉపసంఘమే, తేల్చేదీ బోర్డే. అది తిరస్కరణకు గురయ్యాక రెండో మెట్టు స్వతంత్ర సమీక్ష: ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్. 2020 ఫిబ్రవరిలో వేసిన కేసుకు 2022 డిసెంబరులో నిర్ణయం వచ్చింది. పారదర్శకత విషయంలో ఐకాన్ సొంత నియమావళినే ఉల్లంఘించిందని ప్యానెల్ తేల్చింది. అంటే ఒప్పందం అమల్లోకి వచ్చిన మూడున్నరేళ్లకు! అప్పటికీ పాత పరిమితిని తిరిగి పెట్టమన్న ఆదేశం రాలేదు. ఈ పోరాటానికి లాయర్ల ఖర్చు ఎవరిది వారే భరించాలి. రిజిస్ట్రార్ కంపెనీ భరించగలదు, ఒక చిన్న సేవాసంస్థ వల్ల అవుతుందా?

డాట్ కామ్‌లో చిక్కు మరో రకం. దాని రిజిస్ట్రీ వెరిసైన్‌తో ఒప్పందం, తీవ్ర ఉల్లంఘన లేనంతవరకు, పోటీ టెండరు లేకుండానే పునరుద్ధరణ అవుతుంది. ప్రతి ఆరేళ్లలో చివరి నాలుగేళ్లు ఏటా 7 శాతం పెంచుకోవచ్చు. అలా టోకు ధర 7.85 డాలర్ల నుంచి 2024 సెప్టెంబరుకు 10.26 డాలర్లకు చేరింది. ఈ పెంపునకు వీలిచ్చిన 2020 సవరణ సమయంలోనే, ఐదేళ్లలో 2 కోట్ల డాలర్లు ఐకాన్‌కు ఇచ్చేందుకు వెరిసైన్ అంగీకరించింది. ఇంటర్నెట్ భద్రత పనులకేనన్నారు. కావచ్చు. కానీ ఒప్పందం రాసే సంస్థ, ఆ ఒప్పందంతో లాభపడే సంస్థ దగ్గర విడిగా డబ్బు తీసుకోవడం ఏ పనికైనా తప్పే.

పరిష్కారం కోసం కొత్త మండళ్లు అక్కర్లేదు. ధరలు మార్చే ప్రతి ఒప్పందం బోర్డు బహిరంగ ఓటుకు రావాలి, ఎవరు ఎటు ఓటేశారో కారణాలతో సహా ప్రచురించాలి. పునఃపరిశీలన వినతి దాఖలైతే, అది తేలేదాకా కొత్త ధరల నిబంధన అమలు కాకూడదు. ప్రతి పోటీదారూ పిటిషన్‌తో అడ్డుపడతాడన్న భయం అర్థంలేనిది కాదు. అందుకే పాత ఒప్పందాన్ని పాత షరతులపైనే ఆరు నెలలు పొడిగించాలి, ఆలోగా బోర్డుతో సంబంధం లేని వ్యక్తి వినతిని తేల్చాలి. అప్పుడు రిజిస్ట్రీ పని ఆగదు, పేరు నమోదు చేసుకున్నవారి గోడు ఒప్పందం అమలు కాకముందే వినాల్సివస్తుంది.