రాగిరేకుల ఊళ్ళో రాగి గీతలు గీసేవాళ్ళేరీ?

నాయుడుపేటలో సిర్మా ఎస్‌జీఎస్ కంపెనీ పెడతానంటున్న సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. రూ.1,595 కోట్ల పెట్టుబడి, మల్టీలేయర్ పీసీబీలు (అంటే పొరలు పొరలుగా ఉండే సర్క్యూట్ బోర్డులు), దాని వెనక కేంద్రం 2025 మార్చిలో ఆమోదించిన రూ.22,919 కోట్ల విడిభాగాల పథకం. ఈ అంకెలు మళ్ళీ ఏకరువు పెట్టను. రేణిగుంట చుట్టుపక్కల టీవీలు, ఫోన్లు బిగించడం మొదలై ఏళ్ళయింది. ఇప్పుడు బోర్డే ఇక్కడ తయారవుతుందంటే మంచిదే. నా గొడవల్లా ఒక్కటే: ఆ బోర్డు మీద చిప్పులను కలిపే రాగి గీతలు ఎవరు గీస్తారు? ఏ చిప్పు ఎక్కడ ఉండాలో, ఏ కాలికి ఏ కాలు కలవాలో తేల్చిన ఫైలు ఎక్కడినుంచో మెయిల్లో వస్తుంది. మనం అచ్చేస్తాం. ప్రెస్సు మనదైనంత మాత్రాన పుస్తకం మనం రాసినట్టు కాదు కదా.

దీనికి నా దగ్గరొక ఉపాయం ఉంది. మన పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లల చేత పాత కంప్యూటర్ల బోర్డులు కాపీ కొట్టించాలి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేను మాత్రం సీరియస్‌గానే అంటున్నాను.

మా అటక మీద ఒక 386 ఉంది, అంటే 386 రకం ప్రాసెసర్‌తో నడిచే పాతకాలపు కంప్యూటర్. తొంభైల్లో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు కొట్టిన ఒక డీటీపీ సెంటర్ మూసేస్తుంటే పాత ఇనుము ధరకు తెచ్చుకున్నాను. పోయినేడాది స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. మూత తీసి చూస్తే కీబోర్డ్ సాకెట్ పక్కన పచ్చగా చిలుము. ఆ కాలపు బోర్డుల మీద గడియారం ఆగకుండా ఉండేందుకు చిన్న పీపాలాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసేవాళ్ళు. అది ముప్పయ్యేళ్ళకు కారి, కింద ఉన్న రాగినంతా తినేసింది. రిపేరు షాపు కుర్రాడు లెన్సు పెట్టి చూసి, "ట్రాకులన్నీ తినేసుండాది సార్, జంపర్లు ఎన్నని వేసేది?" అని తిరిగిచ్చేశాడు. ట్రాకులంటే ఆ రాగి గీతలు, జంపర్లంటే తెగినచోట అతికే తీగలు. అతని తప్పేం లేదు. ప్రాసెసర్ బాగుంది, మెమరీ బాగుంది, స్లాట్లు బాగున్నాయి. పోయినవి వాటిని కలిపే గీతలే.

సరిగ్గా ఈ జబ్బుకే ప్రపంచంలో చాలామంది మందు కనిపెట్టుకున్నారు. 1982 నాటి కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌కి, ఇదే బ్యాటరీ రోగంతో పోయే అమిగా కంప్యూటర్లకి, కెపాసిటర్లు కారి చచ్చే 1989 నాటి మ్యాకింటోష్ ఎస్ఈ/30కి కొత్త బోర్డులు గీసేశారు. పాత బోర్డు మీది చిప్పులు ఊడదీసి కొత్తదాని మీద కూర్చోబెడితే యంత్రం లేచి కూర్చుంటుంది. చిప్పును ఇంట్లో చేయలేం. 1976లో పుట్టిన జెడ్80 ప్రాసెసర్‌కే 2024లో దాన్ని చేసే జైలాగ్ కంపెనీ కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపేసింది. బోర్డు అలా కాదు. ఓపికుంటే ఎవరైనా గీయొచ్చు.

ఆ ఓపిక ఎంత కావాలో చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది. ముందు ప్రతి విడిభాగం విలువ రాసుకుని, ఫొటో తీసుకుని, ఒక్కొక్కటే డీసోల్డర్ చేయాలి. ఖాళీ బోర్డును రెండు వైపులా స్కానర్ మీద పెట్టి స్కాన్ చేయాలి. లోపల ఇంకో రెండు పొరలుంటే చచ్చిన బోర్డునొకదాన్ని బలిపెట్టి, గరుకు కాగితంతో రుద్దుకుంటూ ఒక్కో పొర బయటికి తీయాలి. ఆ బొమ్మను కైక్యాడ్‌లో కింద పరుచుకుని పైన గీత గీయాలి. అది బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్, మామూలు ల్యాప్‌టాప్ చాలు. పక్కన స్కేలు పెట్టకుండా స్కాన్ చేశారో, అంతే సంగతులు. స్కానర్ ఒక్క శాతం సాగదీసినా 30 సెంటీమీటర్ల బోర్డు మీద 3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఐసీ (చిప్పు) కాలికీ కాలికీ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లే. అంటే ఒక కాలు తేడా కొట్టేసినట్టే. చివరి స్లాటు క్యాబినెట్ రంధ్రంలో కూర్చోదు. తర్వాత మల్టీమీటర్ పెట్టి ప్రతి లైనూ బీప్ కొట్టించి చూసుకోవాలి. కలవాల్సినవి కలిశాయా అన్నది సగం పనే, కలవకూడనివి కలవలేదని తేల్చుకోవడం మిగతా సగం.

మరీ పాత బోర్డుల్లో గీతలు తిన్నగా ఉండవు. కంప్యూటర్ సాయం లేని రోజుల్లో పారదర్శకమైన షీటు మీద నల్ల టేపు చేత్తో అంటించి గీసినవి అవి. వంపులు తిరుగుతూ పోతుంటాయి. కాళహస్తిలో బట్ట మీద కలం పట్టినవాళ్ళ చెయ్యి గుర్తొస్తుంది నాకు. ఫ్యాక్టరీ నుంచే జంపర్ వైరుతో వచ్చిన బోర్డులూ ఉండేవి. గీసినవాడి పొరపాటును తర్వాత తీగతో సర్దేశారన్నమాట. ఇప్పుడు కాపీ గీస్తున్నవాడు ఆ పొరపాటును దిద్దాలా, ఉంచాలా? ఈ ప్రశ్న దగ్గర తల గోక్కున్న పిల్లవాడికి వేరే డిజైన్ పాఠం అక్కర్లేదు.

ప్రతి చిప్పు పక్కనా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎందుకుందో, గ్రౌండ్ గీత ఎందుకంత లావుగా ఉందో పుస్తకంలో నాలుగు మార్కుల ప్రశ్నకు జవాబుగా చదివితే పరీక్ష మర్నాటికి ఉండదు. అదే కెపాసిటర్‌ను నలభై సార్లు చేత్తో గీసినవాడు మర్చిపోడు. ఇప్పుడు మన పిల్లలు ఫైనలియర్‌లో ఏం చేస్తున్నారు? ప్రాజెక్టు సెంటర్‌కెళ్ళి డబ్బు కట్టి, గీత వెంట పరిగెత్తే బొమ్మ కారు కొనుక్కొస్తున్నారు. రికార్డు కూడా వాళ్ళే బైండింగ్ చేసిస్తారు. దాన్ని కాపీ అనడానికి కూడా వీల్లేదు. కాపీ కొట్టాలన్నా కళ్ళతో చూడాలి కదా.

ఎమ్యులేటర్ ఉండగా ఈ పాట్లెందుకు అంటారు కొందరు. పాత కంప్యూటర్ మొత్తం ఒక విండోలో ఆడుతుంది, నిజమే. కానీ ఎమ్యులేటర్‌కు ఆహారమైన రోమ్ (ROM) చిప్పుల్లోని డేటానూ, చిప్పుల ప్రవర్తననూ ఎవరో ఒకరు ఆడుతున్న యంత్రం నుంచే చూసి రాసుకున్నారు. కొత్త బోర్డు అసలుది కాదుగా అనేవాళ్ళు ఇంకొందరు. 1516లో రాయలవారు కట్టించిన కాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలింది. కొత్తది కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. ఇవాళ దాని కింద నుంచి పోతూ ఇది డూప్లికేట్ అని తలదించుకుని వెళ్ళేవాళ్ళను నేనైతే చూడలేదు.

అసలు నన్ను కుదిపేసింది వేరే. మా 386లో ఒక కార్డు గుచ్చి ఉంది. జిస్ట్ కార్డు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చేతిలో పెరిగిన పరిజ్ఞానం. విండోస్ రాక ముందు, డాస్ నల్ల తెర మీద తెలుగు అక్షరం కనిపించేలా చేసింది ఇదే. ఫాంటు దించుకుంటే వచ్చిన తెలుగు కాదది, స్లాటులో గుచ్చితే వచ్చిన తెలుగు. ఆ తెర మీద తెలుగు మొదటిసారి చూసినప్పుడు మేము నలుగురం కలిసి మా పేర్లు టైప్ చేసుకుని మురిసిపోయాం. ఆ కార్డు ఇప్పటికీ బాగానే ఉండొచ్చు. గుచ్చడానికి బోర్డు లేదు. కమోడోర్‌కు ఊరూరా అభిమానులున్నారు, దాని బోర్డు ఎవరో ఒకరు గీస్తూనే ఉంటారు. జిస్ట్ కార్డును గీయడానికి జర్మనీ నుంచి ఎవరూ రారు.

386 అంత చౌకగా తిరుపతి గల్లీలోకి ఎలా వచ్చిందో కూడా చూడండి. 1981లో ఐబీఎం తన పీసీతో పాటు అమ్మిన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్లో సర్క్యూట్ డయాగ్రమ్‌లన్నీ వేసింది, స్విచ్ వేయగానే యంత్రాన్ని లేపే బయోస్ ప్రోగ్రామును వరుస వరుసగా అచ్చేసింది. బొమ్మ బయట ఉంది కాబట్టే ప్రపంచమంతా దాన్ని పోలిన యంత్రాలు పుట్టాయి, వాటిలో ఒకటి మన పెళ్ళి పత్రికలు కొట్టింది. ఇవాళ్టి ఫోన్‌కో, టీవీకో ఆ బొమ్మ అడిగి చూడండి. కేంద్రం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, మాన్యువల్సూ వారంటీ వివరాలూ ఒకచోట పెట్టాలంది. చాలదు. ఒక వస్తువు అమ్మకం ఆపేసిన రోజున దాని బోర్డు బొమ్మ జనానికి ఇచ్చెయ్యాలని చట్టం కావాలి. ప్రభుత్వ డబ్బుతో తయారైన జిస్ట్ కార్డు లాంటివాటికి చట్టం దాకా కూడా అక్కర్లేదు, ఒక ఆర్డరు చాలు.

అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో ఒక అరలో పెట్టారు. 32 వేలంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. రాగి గట్టిది కాబట్టి మిగిలాయనుకుంటాం మనం. ఆ అరలో శతాబ్దాలు ఉన్నంతకాలం వాటిని ఎవరు పాడారు? గత శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారిలాంటి వాళ్ళు కూర్చుని రేకు చూసి కాగితం మీదికి ఎత్తి రాశాకే కదా అవి మన నోళ్ళలోకొచ్చింది. ఎత్తి రాసే పని తెలిసిన ఊరు ఇది. మన కాలపు రాగిరేకులు పచ్చటి ఫైబర్ మీద ఉన్నాయి, అంతే తేడా.

అందుకని ఏర్పేడు ఐఐటీ వాళ్ళనో, ఎస్వీయూ వాళ్ళనో ఒక్క పని అడుగుతున్నాను. ఒక గది, ఒక స్కానర్, ఇద్దరు మేస్టార్లు. ఏడాదికి ఒక బోర్డు చాలు. మొదటి ఏడాది జిస్ట్ కార్డు. నాయుడుపేట ఫ్యాక్టరీ వచ్చాక దాని మొదటి ప్యానెల్లో (బోర్డులు కలిపి అచ్చేసే పెద్ద పలకలో) ఓ మూలన పది కాపీలు వేసిపెట్టమని అడగడానికి నేనే వెళ్తాను.

ఈలోగా నా బోర్డును స్కాన్ చేశాను. కీబోర్డ్ సాకెట్ దగ్గర రెండంగుళాల మేర గీత అన్నదే లేదు, అక్కడ ఏముండేదో తెలియాలంటే అదే బోర్డు ఇంకొకటి దొరకాలి. మీ అటక మీద పాత 286, 386 ఉంటే ఆక్రివాడికి వేసేముందు మూత తీసి చూడండి. పీపాలాంటి బ్యాటరీ కనిపిస్తే ఇవాళే కట్టర్‌తో కత్తిరించి పారేయండి. పచ్చగా కారి ఉంటే, అది క్షారం కాబట్టి, వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టండి. స్విచ్ మాత్రం వేయకండి.