వీడియో రెజ్యూమే గారికి, బైరాగిపట్టెడ నుంచి

అయ్యా,

తిరుపతి బైరాగిపట్టెడలో రెండో అంతస్తు అద్దింట్లో ఉండే ఒక ఎంసీఏ నిరుద్యోగి రాసుకుంటున్న విన్నపం. దీన్ని సెల్లు ముందు నిలబడి చదవమని మాత్రం అడగొద్దు.

మీకన్నా ముందు మా ఇంట్లో బయోడేటా ఉండేది. జిరాక్స్ అంగట్లో కొట్టించుకున్న రెండు పేజీలు. తండ్రి పేరు, పుట్టుమచ్చలు, చివర్లో పైన చెప్పినవన్నీ నిజమని ఒక సంతకం. పాపం, అది నన్నెప్పుడూ నవ్వమనలేదు. హాబీల దగ్గర ‘పుస్తకాలు చదవడం’ అని నాలుగేళ్లుగా రాస్తున్నా, ఏ పుస్తకమని అడగలేదు.

మొన్న బెంగళూరు కంపెనీ ఒకటి మీ పేరు చెప్పి మెయిల్ పెట్టింది. బయోడేటాకి బదులు నా గురించి నేనే చెప్పుకునే 90 సెకన్ల వీడియో కావాలట, సహజంగా ఉండాలట. అప్పటికి నేను అమ్మ మొక్కు తీర్చడానికి కల్యాణకట్టలో గుండు చేయించుకుని నాలుగు రోజులు. మా ఊళ్లో గుండుని ఎవరూ తలతిప్పి చూడరు. బయోడేటాకైతే అసలు కనపడదు. మీకు మాత్రం నేను మాట్లాడకముందే అదే కనిపిస్తుంది. స్నేహితుడి దగ్గర రింగ్ లైట్ అప్పు తెచ్చి వెలిగిస్తే, ఆ వెలుగు వలయం నున్నగా నా నెత్తిమీద తేలింది. నుదుటన నామం ఒక్కటే తక్కువ.

తర్వాత గోడ. వెనక ఏమీ ఉండకూడదన్నారు కదా. తిరుపతిలో దేవస్థానం క్యాలెండర్ లేని గోడ ఎక్కడ దొరుకుతుంది? మెల్లగా దించుతుంటే అమ్మ చూడనే చూసింది.

“సామిని యాడికి తీసకపోతా ఉండావురా?”

“ఉద్యోగం కోసం మా.”

“ఉద్యోగం ఇచ్చేదే ఆయన గదరా!”

దీనికి మీ దగ్గర జవాబుంటే పంపండి. నేను క్యాలెండర్ని మంచం మీద పెట్టి, మేకు కనపడకుండా దాని ముందు నిలబడ్డాను.

ఇక షూటింగ్. మొదటి టేకులో పక్కింటి కుక్కర్. మూడో టేకులో అమ్మ, నీళ్లొచ్చినాయి మోటరు వేయమని. తొమ్మిదో టేకు బాగా వస్తోంది. స్క్రీన్ వైపు కాకుండా లెన్స్ వైపే చూస్తూ, ‘ఐ యామ్ ఎ టీమ్ ప్లేయర్’ అన్నానో లేదో, వంటింట్లోంచి “ఎవురితోరా, ఒక్కడివే మాట్లాడతా ఉండావు?” అని వినిపించింది. ఆ వీడియోలో నిజంగా సహజంగా ఉన్నది ఆ ఒక్క మాటే. అదే కత్తిరించేశాను.

నాన్నదింకో బాధ. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు ఆయన స్వీట్లు పంచలేదంతే. ఆ మరుసటి ఏడాది జులైలో అదే టిక్‌టాక్ అమెరికాలో కొన్ని వారాలపాటు వీడియో రెజ్యూమేలు తీసుకుందని చెబితే, సెల్లు ముందు ఎగిరితే ఉద్యోగాలిస్తారా అని నన్నే తిట్టారు. ఎగరడం లేదు నాన్నా, కదలకుండా నిలబడమంటున్నారు, అదే కష్టం.

పదిహేడో టేకు ఓకే అనుకున్నా. మెయిల్లో పెడదామంటే 25 ఎంబీ దాటి జీమెయిల్ మోయనంది. వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుని చూస్తే, మొహం మసకేసింది, గుండు మాత్రం స్పష్టంగా ఉంది. చివరికి డ్రైవ్ లింకు పంపి, పర్మిషన్ ఇవ్వడం మరిచిపోయాను. రాత్రి పదకొండుకి వాళ్ల రిక్వెస్ట్ వస్తే, లేచి కూర్చుని దణ్ణం పెట్టి మరీ ఇచ్చాను.

ఇప్పుడా వీడియో ఎవరెవరి సెల్లుల్లో తిరుగుతోందో. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2020 జనవరి నుంచి ఒక చట్టం ఉంది. ఏఐతో పరిశీలించే ఇంటర్వ్యూ వీడియోలను అభ్యర్థి అడిగితే 30 రోజుల్లో చెరిపేయాలి. నాకు 30 రోజులిస్తే వెంట్రుకలైనా వస్తాయి.

వారానికి ఫోన్ వచ్చింది. హెచ్‌ఆర్ మేడమ్. వీడియో చూశారట. గుండె ఆగినంత పనైంది.

“మీరు తిరుపతి కదా?”

“అవును మేడమ్.”

“300 రూపాయల దర్శనం టికెట్లు ఏమైనా దొరుకుతాయా? ఇంట్లో ఐదుగురం.”

చెప్పాను. ఆన్‌లైన్‌లో నెలల ముందే ఎట్లా వదులుతారో, ఆధార్ ఎందుకు దగ్గర పెట్టుకోవాలో, టికెట్ దొరకకపోతే కింద సర్వదర్శనం టోకెన్లకు ఎట్లా నిలబడాలో, నడిచి వస్తే అలిపిరి నుంచి 3,550 మెట్లని, పెద్దవాళ్లుంటే బస్సే మేలని. మూడు నిమిషాలు, కాగితం లేకుండా, ఎక్కడా తడబడకుండా, నవ్వుతూ. ఆవిడ రాసుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది.

అది మాత్రం రికార్డు కాలేదు సార్.

ఇట్లు,
పదిహేడో టేకు