ఎనిమిది ఛానెళ్ల ఇల్లు

ల్యాప్‌టాప్‌లో మా ఇల్లు చాలా బుద్ధిగా ఉంటుంది. బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. మిక్సీ చప్పుడు చెయ్యదు. గ్రైండర్ పిండి చిందించదు. కరెంటు పోదు, బిల్లు రాదు. చెన్నైలో, పెరంబూరులో, మేం నిజంగా కాపురం ఉంటున్న అద్దె ఫ్లాటుకీ ఆ ఇంటికీ ఎక్కడా పోలిక లేదు. దాన్ని కట్టినవాడు మా మరిది.

మరిది ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి హోమ్ ఆటోమేషన్ పెట్టాడు. క్లాసులో సగం మంది అదే పెట్టారట. ఫోన్‌లో నొక్కితే బ్లూటూత్ మీద ఆర్డుయినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డుకి కబురు వెళ్తుంది, అది రిలేకి చెబుతుంది, రిలే ఫ్యాను వేస్తుంది. లేచి స్విచ్ వేస్తే అయిపోయే పనికి ఇంతమంది ఎందుకురా అని అత్తయ్య అడిగారు. నెల్లూరులో గవర్నమెంటాఫీసులో చేసి రిటైరైన మావయ్యగారికి మాత్రం ఆ పద్ధతి వెంటనే అర్థమైంది.

రిలే పెద్ద వింతేం కాదు. లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. దానికి అయిదు వోల్టులిస్తే అయస్కాంతమై చిన్న ఇనుప రేకును లాగుతుంది, టక్కున రెండు కొనలు కలుస్తాయి, ఆ కొనల మీదుగా 230 వోల్టుల కరెంటు పోతుంది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే ఆయన 1835లోనే ఈ పని చేశాడు. ప్రిన్స్‌టన్‌లో తన ప్రయోగాల గది నుంచి ఇంటికి తీగ లాగి సంకేతాలు పంపేవాడని మరిది గొప్పగా చెబితే, "వాళ్లావిడ ఎట్టా ఓర్చుకుందో" అన్నారు అత్తయ్య.

వాడు వాడే సాఫ్ట్‌వేర్ పేరు ప్రోటియస్. బోర్డు బొమ్మ తెచ్చి పెట్టి, తీగలు గీసి, ప్రోగ్రామ్ తాలూకు హెక్స్ ఫైలు అందులో వేసి ప్లే నొక్కితే సర్క్యూట్ మొత్తం స్క్రీన్ మీదే నడుస్తుంది. దాన్నే సిమ్యులేషన్ అంటారు. అందులో విడి రిలే ఉంది గానీ, బజార్లో దొరికే ఎనిమిది ఛానెళ్ల మాడ్యూల్, అంటే ఎనిమిది రిలేలు ఒకే బోర్డు మీద ఉండేది, లేదట. ఎవరో తయారుచేసి పెట్టిన లైబ్రరీ ఫైళ్లు ఎక్కడినుంచో దించుకుని ఫోల్డర్‌లో పడేశాడు. నీలం బోర్డు, నీలం రిలేలు, వరసగా ఎర్ర బుల్లి లైట్లు, అచ్చం అసలుదే. బొమ్మ ఇంత బాగుంటే లోపలి బుద్ధి కూడా అసలుదే అయ్యుంటుందని వాడు అనుకున్నాడు. పెళ్లిచూపుల ఫొటోల దగ్గర మన పెద్దవాళ్లు అనుకున్నట్టే.

రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అందరికీ డెమో. "చూడు వదినా, నాలుగో ఛానెల్ మిక్సీ" అంటాడు. బుల్లి లైటు వెలుగుతుంది, మిక్సీ బదులు పెట్టిన బల్బు బొమ్మ పచ్చగా అవుతుంది. ఎనిమిదీ ఒకేసారి వేస్తే పాత ల్యాప్‌టాప్ ఆయాసపడి, ప్రాసెసర్ మీద భారం ఎక్కువై సిమ్యులేషన్ రియల్ టైమ్‌లో నడవడం లేదని కింద ఒక మెసేజ్ పెట్టేది. దాన్ని నేను తప్పుపట్టను. మా ఇంట్లో కూడా రియల్ టైమ్‌లో జరిగే పని ఏదీ లేదు.

అసలు మాడ్యూల్ కోసం మౌంట్ రోడ్డు పక్కన రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్లాం. తోడుగా నన్ను తీసుకెళ్లాడు, ఎందుకంటే డబ్బులు నా దగ్గర ఉంటాయి. మనిషి దూరే సందు లేని ఆ వీధిలో బండ్లు కూడా దూరుతుంటాయి. షాపతను డబ్బా లోంచి మాడ్యూల్ తీసి కౌంటర్ మీద పడేసి, "చెక్ పణ్ణి ఎడుత్తుక్కోంగ, రిటర్న్ ఇల్లె" అన్నాడు. చెక్ చెయ్యడానికేముంది, ఇంటి దగ్గర నెల నుంచి నడుస్తోందిగా అన్న ధీమా మావాడిది. చూడకుండానే బ్యాగులో వేసుకున్నాడు.

230 వోల్టుల వైపు వాణ్ణి చెయ్యి పెట్టనివ్వనని మా ఆయన ఖండితంగా చెప్పేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక ప్లైవుడ్ పలక మీద ఎనిమిది సాకెట్లు బిగించి, ఒక్కోదాన్నీ ఒక్కో రిలే మీదుగా తిప్పి ఇచ్చి వెళ్లాడు. మరిది గీజరు కూడా పెడదామన్నాడు. రిలే మీద 10 ఆంపియర్లని రాసుంది కదా అని వాడి వాదన. "రాసినవన్నీ నిజమైతే నీ రికార్డుల్లో రీడింగులు కూడా నిజమవ్వాలి" అన్నారు మా ఆయన. గీజరు సంగతి అంతటితో ఆగింది.

మొదటి రోజు జాగ్రత్తగా రెండే ఛానెళ్లు కలిపాడు, ట్యూబ్‌లైటూ టేబుల్ ఫ్యానూ. బోర్డుకి కరెంటివ్వగానే రెండూ వాటంతట అవే మొదలయ్యాయి. ఆఫ్ నొక్కితే ఆగలేదు. ఆన్ నొక్కాడు, ఆగాయి! మావయ్యగారు పేపర్ దించి, "బాగానే ఉందిరా, అచ్చు నీ పోలికే, చెప్పినదానికి ఎదురు చేస్తోంది" అన్నారు.

సంగతేమిటంటే, బజార్లో దొరికే ఈ మాడ్యూళ్లలో చాలావాటికి పిన్ను మీద వోల్టేజీ లేకుండా సున్నాకి దించితేనే రిలే పడుతుంది, అంటే కొనలు కలుస్తాయి. యాక్టివ్ లో అంటారు. లో అంటే సున్నా, హై అంటే వోల్టేజీ ఉన్నట్టు. వాడు దించుకున్న బొమ్మేమో వోల్టేజీ ఇస్తే పడే రకం. నెల రోజులు దానితో కాపురం చేసినవాడికి ఇది తెలిసే దారి లేదు. సిమ్యులేషన్‌ని మాత్రం ఏమనగలం? దానికి ఏ మోడల్ ఇచ్చారో ఆ మోడల్ గురించే అది నిజం చెప్పింది.

వాడు ప్రోగ్రామ్‌లో హై ఉన్నచోట లో, లో ఉన్నచోట హై పెట్టాడు. ఆన్ అంటే ఆన్, ఆఫ్ అంటే ఆఫ్ అయ్యాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. బోర్డుకి కరెంటిచ్చిన ప్రతిసారీ లైటూ ఫ్యానూ రెండు సెకన్లు వెలిగి, తిరిగి ఆరేవి.

"అదేంట్రా?"

"సెల్ఫ్ టెస్ట్ వదినా."

నేను ఓ ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. అడిగిన దానికి ఒక్క ముక్కలో ఇంగ్లీషులో జవాబొచ్చిందంటే అక్కడ ఏదో ఉందనే అర్థం. ఆ రోజు మాత్రం పొయ్యి మీద పాలు ఉండటంతో వదిలేశాను.

ఆదివారం పెద్ద డెమో. పై అంతస్తులో ఉండే అసోసియేషన్ సెక్రటరీ మామని కాఫీకి పిలిచారు. ఆయనకి ఓవర్‌హెడ్ ట్యాంకు మోటారుకి ఇలాంటిదేదో పెట్టించాలని ఆశ. బోర్డు నడుస్తుండగానే మరిది మిగతా ఆరు తీగలూ కలిపాడు. దేవుడి గదిలో సీరియల్ బల్బులు, మావయ్యగారి రేడియో, మిక్సీ, గ్రైండర్, దోమల మందు మిషను. ఎనిమిదో ఛానెల్ ఖాళీగా ఉంటే బాగుండదని నా ఫోన్ చార్జరు. ఫోన్‌లోంచి వెయ్యాలంటే మిక్సీ నాబ్ స్పీడు మీదే ఉండాలి, రేడియో నాబ్ తిప్పే ఉండాలి, గ్రైండర్ స్విచ్ వేసే ఉండాలి. అన్నీ అలాగే పెట్టాడు.

ఒక్కొక్కటే వేసి చూపించాడు. అన్నీ పనిచేశాయి. మామ ముఖం వెలిగిపోయింది. అత్తయ్య కూడా మెత్తబడి, "సరేలే, ఉప్పు సరిపోయిందో లేదో చూస్తా" అంటూ మిక్సీ జార్ మూత తీశారు. లోపల కొబ్బరి పచ్చడి. గ్రైండర్‌లో మర్నాటి దోశల పిండి సగం నలిగి ఉంది.

అప్పుడు కరెంటు పోయింది. మే నెల, మధ్యాహ్నం, ఎవరూ ఆశ్చర్యపోలేదు. అయిదు నిమిషాల్లో వచ్చింది.

ముందు టక్‌మని ఒక పెద్ద చప్పుడు, ఎనిమిది రిలేలూ కలిసి. ట్యూబ్‌లైటు మిణుక్కుమంది, మిక్సీ గుర్రుమని ఆగింది, కొబ్బరి పచ్చడి ఒక జానెడు పైకి లేచింది. వెంటనే అన్నీ ఆరాయి. మళ్లీ టక్. మళ్లీ అన్నీ. మళ్లీ ఆరాయి. "ఆకాశ..." అంది రేడియో. టక్. "వార్త..." అంది. దేవుడి గదిలో సీరియల్ బల్బులు తిరణాలలో కూడా అంత వేగంగా కొట్టుకోవు. మిక్సీ ఒక్కో దెబ్బకి గట్టు మీద ఒక్కో అంగుళం మా వైపు జరుగుతోంది. మూత అత్తయ్య చేతిలోనే ఉంది. రెండో విడత పచ్చడి గోడకీ, మూడో విడత సెక్రటరీ మామ తెల్ల వేష్టికీ తగిలింది.

"ఎన్న సార్ ఇదు, దీపావళియా?" అన్నాడాయన, కాఫీ గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మరిది ఫోన్ తీసి ఆల్ ఆఫ్ నొక్కుతున్నాడు. బ్లూటూత్ కలిసేలోపే బోర్డు మళ్లీ మొదటికొస్తోంది. "వదినా, రీసెట్ అవుతోంది! రీసెట్ అవుతోంది!" అని అరిచాడు, ఆ మాట విని మేమేదో చేయగలమన్నట్టు. చేయగలిగింది మావయ్యగారు. చెప్పులేసుకుని, నింపాదిగా తలుపు పక్కకెళ్లి మెయిన్ దించేశారు.

నిశ్శబ్దంలో అత్తయ్య మొదటి మాట: "బల్లి పడుంటుంది." మరిది ఆ అవకాశాన్ని వదల్లేదు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ టూ కంప్యూటర్‌లో 70వ నంబరు రిలేలో నిజంగానే ఒక చిమ్మట ఇరుక్కుంటే దాన్ని పీకి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారని, ఇలాంటివి పెద్దపెద్ద వాళ్లకే జరిగాయని మొదలెట్టాడు. మావయ్యగారు రిలేల మధ్య వెతికి చూశారు. బల్లి లేదు.

బోర్డు చార్జరు పీకేసి మెయిన్ ఎక్కించాం. బుల్లి లైట్లన్నీ ఆరి ఉన్నాయి. అంతా ప్రశాంతం, గ్రైండర్ తప్ప. అది హాయిగా తిరుగుతోంది. బోర్డుకి ప్రాణం లేదు, రిలేకి ఆజ్ఞ లేదు, గ్రైండర్‌కి ఇవేం పట్టలేదు. మోటారు ప్రతి మొదలుకీ ఎక్కువ కరెంటు గుంజుతుంది. వరసబెట్టి అన్నిసార్లు వేసి తీసేసరికి నిప్పురవ్వలకి లోపలి కొనలు రెండూ అతుక్కుపోయాయి. ల్యాప్‌టాప్‌లో ఇన్నాళ్లలో ఒక్క రిలే కూడా అతుక్కోలేదు. ప్లగ్గు పీకాక, ఆ నీలం డబ్బా నెత్తిన మావయ్యగారు స్క్రూడ్రైవర్ పిడితో ఒక మొట్టికాయ వేశారు. టక్‌మని విడిపోయింది. సిమ్యులేషన్‌లో మొట్టికాయకి బటన్ లేదు.

సాయంత్రం గోడలు తుడుస్తూ మరిదిని కూర్చోబెట్టి లెక్కలడిగాను.

"ఒక్కో రిలే ఎంత తాగుతుంది?"

"డెబ్భై మిల్లీఆంపియర్లు, కొంచెం అటూఇటూగా."

"ఎనిమిదికి?"

"ఐదొందల అరవై."

"చార్జర్ ఎంతిస్తుంది?"

మా ఆయన పాత ఫోన్ చార్జరది. తిప్పి చూశాడు. 500 అని ఉంది. అందులోంచే ఆర్డుయినో కూడా బతకాలి. ఆదాయం ఐదొందలు, రిలేల ఖర్చే ఐదొందల అరవై, ఇలాంటి బ్యాలెన్స్ షీటు మా ఆడిటర్ బల్ల మీద పెడితే నా ఉద్యోగం ఊడుతుంది. మరి ల్యాప్‌టాప్‌లో ఎలా నడిచింది అంటే, అందులో ఆ అయిదు వోల్టులు ఎన్నటికీ తరగవట. ఎంతమంది తాగినా కుంగని వోల్టేజీ.

ఒక్కొక్కటే వేసినంతసేపూ ఈ లోటు బయటపడలేదు. కరెంటు వచ్చిన క్షణంలో ఎనిమిదీ కలిసి పడటమే కొంప ముంచింది. అవి ఎందుకు కలిసి పడ్డాయంటే, ఆ సెల్ఫ్ టెస్టు. ప్రోగ్రామ్‌లో ముందు పిన్నులన్నీ ఔట్‌పుట్ అని ప్రకటించాడు. అలా అనగానే అవి లో అవుతాయి, అంటే మన మాడ్యూల్‌లో ఆన్. ఆ తర్వాత బ్లూటూత్ తెమలడానికి రెండు సెకన్ల డిలే. ఆ తర్వాతే హై చేసి ఆపమన్నాడు. ఎనిమిదీ పడగానే వోల్టేజీ కుంగి ఆర్డుయినో మూర్ఛపోయేది, రిలేలు వదిలేసేవి, భారం తగ్గగానే అది తేరుకుని మళ్లీ మొదటి లైను నుంచి చదివేది. హై చేసే లైను డిలే పైకి జరిపితే చాలు, ఆ మొదటి టక్కే ఉండదు. రిలేల మటుకు విడిగా రెండు ఆంపియర్ల అడాప్టర్ పెట్టి, మాడ్యూల్ మీద రెండు పిన్నుల్ని కలిపే ఆ బుల్లి జంపర్ తీసేస్తే రిలేల ఖర్చు ఆర్డుయినో ఖాతాలో పడదు. ఈ రెండూ వాడు పావుగంటలో చేశాడు. అత్తయ్య ఇంకొకటి చేశారు. మిక్సీనీ గ్రైండర్‌నీ గోడ సాకెట్లకి మార్చి, వాటి దరిదాపులకి వస్తే చెయ్యి విరిచేస్తానన్నారు.

కాలేజీలో రివ్యూకి వాడు ప్లైవుడ్ పలకతో సహా అన్నీ బస్సులో మోసుకెళ్లాడు. వచ్చిన ఎగ్జామినర్‌కి తొందర. "అవన్నీ ఎందుకు, సిమ్యులేషన్ ఉంటే చూపించు" అన్నారట. ఆ పాత మోడల్, ఆ పాత ప్రోగ్రామ్, బంగారంలా నడిచాయి. మంచి మార్కులొచ్చాయి.

సెక్రటరీ మామ వేష్టికి మరక పోలేదు గానీ ఆశ కూడా పోలేదు. ఒక రోజు మరిదిని పిలిచి, ట్యాంకూ మోటారూ ల్యాప్‌టాప్‌లో వేయించుకున్నారు. నీళ్లు నిండగానే రిలే వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది, చుక్క కారదు. దాన్ని అసోసియేషన్ మీటింగులో గోడ మీద వేసి చూపించారు. అందరికీ తెగ నచ్చింది. ఏకగ్రీవంగా ఆమోదించారు. మోటారు వెయ్యాలన్నా ఆపాలన్నా ఇప్పటికీ వాచ్‌మన్నే కేకేస్తున్నారు.