ఓకే గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఓకే గారికి,

ఉభయకుశలోపరి. "నేను క్షేమం" అని రాయబోయి, ఆ ముక్క చెప్పడానికి కూడా ఇప్పుడు అందరూ మిమ్మల్నే వాడుతున్నారని గుర్తొచ్చి ఆగిపోయాను.

విషయం ఏంటంటే, మొన్న రాత్రి ఒక పాత స్నేహితుడికి ఇరవై లైన్ల మెసేజ్ పెట్టాను. ఏడాదిగా మనసులో నలుగుతున్న మాటలు, రెండుసార్లు రాసి చెరిపేసి, మూడోసారి గుండె రాయి చేసుకుని పంపినవి. పావుగంటకి జవాబుగా మీరొచ్చారు. ఒక్కరే, వెంట ఒక ఫుల్‌స్టాప్ అయినా తోడు లేకుండా. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. వాడు ఒప్పుకున్నాడా, నొచ్చుకున్నాడా, అసలు చదివాడా, చదవకుండానే వదిలించుకున్నాడా? మిమ్మల్ని ఎటు తిప్పి చూసినా ఒక్క ముక్క అర్థం కాలేదు. సరే, ముందు ఈ పెద్దమనిషి ఎవరో తేల్చుకుందామని మీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను.

మీరు తప్పులో పుట్టారండీ. తిట్టడం లేదు, అచ్చులో ఉన్నదే చెబుతున్నా. 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పత్రిక, యాంటీ బెల్ రింగింగ్ సొసైటీ అనే ఒక అల్లరి సంఘం గురించి రాస్తూ, పక్క ఊరి పత్రిక ఎడిటర్‌ని ఆటపట్టిస్తూ, మధ్యలో మిమ్మల్ని వదిలింది. అప్పట్లో అక్కడి పత్రికల వాళ్లకి ఒక పిచ్చి పట్టి ఉంది: మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగ్‌తో ఊహించుకుని, ఆ తప్పుల మొదటి అక్షరాలతో పొట్టి మాటలు తయారు చేయడం. అలా "ఆల్ కరెక్ట్" (all correct) కాస్తా "ఓల్ కొరెక్ట్" (oll korrect) అయి, అందులోంచి మీరు ఊడిపడ్డారు. అంటే "అంతా సరిగ్గా ఉంది" అని చెప్పే మాటలో ఉన్నవే రెండు అక్షరాలు, ఆ రెండూ తప్పే! ఇంతకన్నా నిజాయితీగల జోక్ నేనైతే చూడలేదు.

మీకు అన్నదమ్ములు కూడా ఉండేవారు. "ఆల్ రైట్"ని ఖూనీ చేస్తే (oll wright) పుట్టిన ఓ.డబ్ల్యూ., "నో యూజ్"ని చెడగొడితే (know yuse) వచ్చిన కె.వై. పాపం, ఇద్దరూ నామరూపాల్లేకుండా పోయారు. మీరు మాత్రం బతికి బట్టకట్టారు, ఎలాగంటే రాజకీయాల్లో చేరి. 1840 ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశాడు, ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ని ఓల్డ్ కిండర్‌హుక్ అని పిలిచి, ఓకే క్లబ్బులు పెట్టి, మిమ్మల్ని నినాదం చేసి ఊరేగించారు. ప్రత్యర్థులేమో, అంతకుముందు అధ్యక్షుడిగా చేసిన ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగ్ రాదనీ, "ఆల్ కరెక్ట్"కి నిజంగానే ఓ.కె. అని రాసేవాడనీ పుకారు పుట్టించారు. ఆయన్ని వెక్కిరించడానికే అనుకోండి, ప్రచారం మాత్రం మీకే దక్కింది. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు. మీరు గెలిచారు.

పేరు వచ్చాక చుట్టాలు పుట్టుకురావడం మామూలే కదా. మావాడంటే మావాడని గ్రీకులు, పశ్చిమ ఆఫ్రికా వోలోఫ్ భాష వాళ్లు, స్కాట్లాండ్ వాళ్లు, అందరి తరఫునా వాదనలు బయల్దేరాయి. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ అయితే మీరు అమెరికా ఆదివాసుల చోక్టా భాష నుంచి వచ్చారని గట్టిగా నమ్మి, ఫైళ్ల మీద మీ పేరు ఆ స్పెల్లింగ్‌లోనే రాసేవాడు. తప్పుడు స్పెల్లింగ్‌తో పుట్టినవారికి సరైన స్పెల్లింగ్ వెతికిపెట్టిన మహానుభావుడు! చివరికి ఆలెన్ వాకర్ రీడ్ అనే భాషావేత్త పాత పత్రికలన్నీ తిరగేసి, 1963, 64లలో వరసగా వ్యాసాలు రాసి, మీ జాతకం బయటపెట్టాడు. ఇన్నేళ్లూ మీరు నోరు మెదపలేదు. ఎవరు ఏ గోత్రం చెప్పినా తలూపారు. అది మీకు పుట్టుకతో వచ్చిన గుణం లెండి.

ఆ గుణమే నా బాధంతా. "సరే" ఉంది, "బాగుంది" ఉంది, "పర్వాలేదు" ఉంది, "విన్నాను" ఉంది, "ఇక చాలు ఆపు" కూడా ఉంది, వీటన్నిటి ఉద్యోగాలూ మీరొక్కరే చేసేస్తున్నారు. సినిమా ఎలా ఉందంటే ఓకే, అంటే బాగోలేదని. పెళ్లికి ఓకే అంటే మాత్రం ఆనందబాష్పాలు! మీటింగ్ మొదలుపెట్టడానికీ మీరే, ముగించడానికీ మీరే. కొంచెం సాగదీసి "ఓకేఏఏ" అంటే నమ్మడం లేదని అర్థమట, తోక కత్తిరించి ఒక్క అక్షరం పంపితే కోపమట.

కంప్యూటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు గంటల పని గాల్లో కలిసిపోతుంది, తెరమీద "ఫైల్ సేవ్ కాలేదు" అని వస్తుంది, దాని కింద ఒకే ఒక్క బటన్, దాని పేరు ఓకే. ఏం ఓకే అండీ? ఆపిల్ వాళ్లు లీసా కంప్యూటర్ తయారుచేసేటప్పుడు ముందు ఆ బటన్ మీద "డూ ఇట్" అని పెట్టారట. ఆ అక్షరాల్లో పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకేలా కనబడేసరికి జనం దాన్ని "డోల్ట్", అంటే మొద్దు అని చదువుకున్నారు. ఈ మెషీన్ నన్ను మొద్దు అంటోందేంటని ఒకాయన నొచ్చుకున్నాక, ఆ చోటు మీకిచ్చారు. నా ఫైల్ పోయినప్పుడు ఆ పాత మాటే ఉండుంటే బాగుండేది, కనీసం మనసులో మాట చెప్పినట్టుండేది.

నా ఇరవై లైన్లకి మీరే జవాబన్నమాట, అదీ స్పెల్లింగ్ తప్పుతో. వాడు మళ్లీ ఏదో ఒక రోజు నాకు పెద్ద మెసేజ్ పెట్టకపోడు. అప్పుడు మిమ్మల్ని పంపను, మీ అన్న ఓ.డబ్ల్యూ.ని పంపిస్తాను. అదేంటో తెలియక ఆ రాత్రికి వాడు తవ్వుకుంటాడు.

ఇట్లు,
ఇరవై లైన్లు రాసినవాడు