రాళ్ళ బల్ల మీది స్ప్రే బాటిల్ గారికి విన్నపం

మహారాజశ్రీ స్ప్రే బాటిల్ గారి దివ్య సముఖానికి,

హైదరాబాదులో రాళ్ళు కోసి, సానపట్టి, వెండి నగలు చేసేవాళ్ళకు అమ్ముకుని బతికే ఒక అర్భకుడు నమస్కరించి రాసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ నా రంపమూ నా నడుమూ క్షేమం. అక్కడ మీరూ మీ మూతీ మీ ట్రిగ్గరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఉండక ఏం చేస్తారు లెండి! రాళ్ళ వ్యాపారంలో ఇవాళ మీ అంత గిరాకీ ఉన్న ఉద్యోగి మరొకరు లేరు. తక్కెడ లేకుండా అమ్మేవాడిని చూశాను, బిల్లు పుస్తకం లేకుండా అమ్మేవాడిని రోజూ చూస్తున్నాను. మీరు లేకుండా స్లాబు అమ్మినవాడిని మాత్రం చూడలేదు.

మీ గొప్పదనం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఉంగరాల్లోనూ లాకెట్లలోనూ పొదిగే ఉబ్బెత్తు రాళ్ళు ఉంటాయి కదా, వజ్రంలా ముఖాలు తీయకుండా పైన నున్నగా డోములా వదిలేసినవి. వాటిని క్యాబోషాన్లంటారు, మా నోట్లో క్యాబులు. అకీకు (అగేట్), జాస్పర్ లాంటి రాతిగడ్డను వజ్రపు రంపంతో పలకలుగా కోస్తే స్లాబులు వస్తాయి. నాలాంటివాడు స్లాబు కొని, అందులోంచి క్యాబులు తీసుకుంటాడు. స్లాబుకు ధర గ్రాముల లెక్కన కడతారు, లేదా అమ్మేవాడి మూడ్ లెక్కన. రంపం కింద నుంచి అప్పుడే వచ్చిన స్లాబు గరుగ్గా, పాలిపోయి, ఏ రంగూ చెప్పకుండా ఉంటుంది. సరిగ్గా అక్కడ మీ ప్రవేశం. చిస్స్... చిస్స్. అంతే, బూడిద రంగులోంచి ఎర్ర చారలు, పచ్చ నాచు, సాయంత్రపు కొండలు అన్నీ లేచి కూర్చుంటాయి.

ఇందులో మంత్రమేమీ లేదని తెలుసు. గరుకు ముఖం మీద పడ్డ వెలుతురు అన్ని వైపులకీ చెదిరిపోయి రంగును మింగేస్తుంది. వెలుతురును వంచే కొలత, అంటే వక్రీభవన గుణకం, గాలికి 1, అకీకుది 1.54 దరిదాపుల్లో. మీరు 1.33తో మధ్యవర్తిగా దూరి ఆ గుంటల్ని నింపగానే చెదరడం తగ్గి లోపలి రంగు కనిపిస్తుంది. మధ్యవర్తిత్వం చేసేవాళ్ళకు కమిషన్ ఉండటం లోకరీతి కాబట్టి, ప్రతి స్లాబు ధరలోనూ మీ వాటా ఉంటుంది.

"పాలిష్ పెడితే గిట్లనే మెరుస్తదన్నా" అని మీ యజమాని అంటాడు. అందులో సగం నిజం. గట్టి జాస్పర్, బిగువైన అకీకు అయితే ఆ మాట అక్షరాలా నిజం కూడా. ఇసుకరాయి దగ్గరకొచ్చేసరికే మీ అసలు ప్రతిభ బయటపడుతుంది. తడిపితే దాని మీద ఎడారులు, ఇసుక తిన్నెలు, ఒంటె ఒక్కటే తక్కువ. ఆ నీళ్ళన్నీ రాయి తాగేసి అలా కనిపిస్తోంది. ఎంత సానపట్టినా దానికి మెరుపు ఎక్కదు. చివరికి రెసిన్ అనే జిగురు తాగించి ఒప్పించాలి. రాయి గట్టిదో గుల్లదో తేల్చడానికి మీ ఒక్క చుక్క చాలు: ముఖం మీద నిలబడి ఉంటే మంచిది, చూస్తుండగానే ఇంకిపోతే డబ్బులు జేబులోకి. కానీ మీరు చుక్క ఎప్పుడు వేశారు గనక? మీది ఎప్పుడూ కుండపోతే.

పక్కనున్న కర్ణాటక నుంచి పచ్చటి ఫుక్సైట్‌లో ఎర్రటి కెంపులు పొదిగినట్టు ఉండే రాయి వస్తుంది. మీరు తడిపితే ఎరుపూ పచ్చా ఒక్కలాగే నిగనిగలాడతాయి. మోస్ కొలతలో కెంపు గట్టిదనం 9. ఫుక్సైట్ అభ్రకం జాతిది, 3 దాటదు. సానపట్టే చక్రం మీద పెట్టి చూడండి: పచ్చ అరిగి లోతుకు పోతుంది, కెంపులు మొటిమల్లా మిగులుతాయి. స్లాబు ధర కట్టేటప్పుడు ఈ రెండింటి మధ్య నేను పడబోయే పాట్లు ఎవరూ కలపరు. కలిపితే అమ్మేవాడే నాకు ఎదురివ్వాలి.

మీ అసలు నేరం మాత్రం వేరే. అది మీరు చేసేది కాదు, మిమ్మల్ని ఆపకపోవడం.

తడిపిన స్లాబును కదపకుండా ఒక పక్కన పెట్టి చూస్తే, ముఖమంతా ఆరిపోయాక కూడా కొన్ని సన్నటి గీతలు నల్లగా, తడిగా మిగులుతాయి. అవే పగుళ్ళు. వాటిలోకి దూరిన నీరు అందరికంటే ఆఖరున ఆరుతుంది. అంటే అబద్ధం చెప్పే మీరే, కొన్ని నిమిషాలు నోరు మూసుకుంటే, నిజం కూడా చెబుతారు. స్లాబు విలువ తేల్చడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. అందుకే ఏ బల్ల దగ్గరా దాన్ని జరగనివ్వరు. మొన్న ఒక ప్రదర్శనలో నాచు అకీకు స్లాబు పట్టుకుని నిలబడ్డాను. ఒక మూల ఆరుతోందో లేదో, చిస్స్.

"అన్నా, జర ఆరనియ్యి."

"ఆరితే ఏం కనిపిస్తదన్నా?"

"అదే చూద్దామని."

చిస్స్.

ఆయన మీద నాకు కోపం లేదు. చెయ్యి అలవాటు పడిపోయింది, అంతే. మాటకు ఒకసారి, ధర చెప్పే ముందు ఒకసారి, నేను జేబులోంచి ఫోను తీసి టార్చి వేయబోతుంటే రెండుసార్లు. స్లాబు వెనక టార్చి పెడితే అకీకు లోపలి పగుళ్ళు వెలుతురును అడ్డుకుని దొరికిపోతాయి కదా, ఆ కంగారు. చివరికి స్లాబును అంచుతో పట్టుకుని రూపాయి బిళ్ళతో మెల్లగా కొట్టాను. సంతలో కుండ కొనేటప్పుడు మా నాయనమ్మ కూడా ఇలాగే కొట్టి చూసేది. ఖణేల్‌మంటే కొనడం, మొద్దుగా మోగితే కింద పెట్టడం. ఇది మొద్దుగా మోగింది. "మ్యూజిక్ షాపు పక్క లైన్ల ఉందన్నా" అన్నాడాయన.

మీ తడి మాయలో పడి జనం మరిచిపోయే ఇంకో సంగతి మందం. పది సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు ఉన్న అకీకు స్లాబు 6 మిల్లీమీటర్ల మందంలో దాదాపు 125 గ్రాములు తూగుతుంది. క్యాబుకు ఆ మందం చాలు. అదే స్లాబు 9 మిల్లీమీటర్లుంటే 187 గ్రాములు. క్యాబులు ఎన్ని వస్తాయి? అన్నే. పై 62 గ్రాములూ డబ్బిచ్చి కొని, చక్రం కింద బురద చేసి, బకెట్లో పారబోసుకోవాలి. 12 ఉన్నా నయమే. నిలువునా చీరితే రంపం తిన్నది పోను అయిదేసి మిల్లీమీటర్ల పలకలు రెండు మిగులుతాయి. 9 మాత్రం ఒకదానికి ఎక్కువ, రెండింటికి తక్కువ. గ్రాముల్లో అమ్మేవాళ్ళ స్లాబులు తరచూ 9 దగ్గరే ఎందుకు ఆగుతాయో మీకు తెలిసే ఉంటుంది, రోజంతా పక్కనే కూర్చుంటారుగా.

ఇక కోలగుండ్రాల చిల్లులున్న ప్లాస్టిక్ మూస తీశానంటే మీ బల్ల దగ్గర వాతావరణమే మారిపోతుంది. నిజానికి స్లాబు ధరంతా ఆ మూసలోనే ఉంది. 40 బై 30 మిల్లీమీటర్ల చిల్లును స్లాబు మీద జరుపుతూ పోవాలి. ఎక్కడ పెడితే కొండ గీత మధ్యకొస్తుంది, ఎక్కడ పెడితే పగులు బయట పడుతుంది, అలాంటివి ఎన్ని? స్లాబు మొత్తంగా చూస్తే అద్భుతమైన అడవి. మూసలోంచి చూస్తే మూడు చోట్ల ఉత్త గోధుమ రంగు, ఒక చోట పగులు, ఒక్క చోట అడవి. నేను కొంటున్నది ఆ ఒక్కటే, తక్కిన నాలుగూ దాని కట్నం. ఈ లెక్క కట్టుకుంటే చిన్నదైనా ఒద్దికగా ఉన్న స్లాబు, అరచెయ్యంత అందగత్తె కంటే నాలుగు రూపాయలు ఎక్కువే చేస్తుంది. కానీ మీ ఫొటోల్లో మూస ఉండదు, స్కేలూ ఉండదు. రాత్రి పదింటికి లైవ్ పెట్టి, పసుపు లైటు కింద మిమ్మల్ని ఒకసారి నొక్కి, "లాస్ట్ పీస్ మేడమ్" అనేస్తే సరి.

రంగుల గురించి, పేర్ల గురించి మిమ్మల్ని నిందించను. ఆ పాపం మీది కాదు. అకీకును పంచదార పాకంలో నానబెట్టి, తర్వాత గంధకామ్లంలో వేస్తే లోపలి పంచదార మాడి బొగ్గయి నల్ల ఆనిక్స్ తయారవుతుంది. జర్మనీలోని ఈడార్-ఒబర్‌స్టైన్ పనివాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ రంగుల విద్యను పరిశ్రమగా చేశారు. ఇనుప లవణాలతో రాయి లోపలే పుట్టించిన నీలం అసిటోన్ దూదికి కూడా లొంగదు. మీ పిచికారీకేం లొంగుతుంది? పేర్లదీ అదే తీరు. 'ఇండియన్ జేడ్' అడిగితే ఆకుపచ్చ అవెంచురిన్ ఇస్తారు, అంటే క్వార్ట్‌జ్, జేడ్ కాదు. 'బంబుల్‌బీ జాస్పర్' అని పసుపూ నలుపూ చారలతో ఇండోనేషియా నుంచి ఒకటి వస్తుంది. అది జాస్పరూ కాదు, గట్టిదీ కాదు. జావాలోని పపందయన్ అగ్నిపర్వతం దగ్గరిది, చాలావరకు కాల్సైటు, ఆ పసుపు ఆర్సెనిక్‌ది. దాన్ని పొడిగా కోసి పీల్చేవాడికి స్లాబు ధరకంటే ఆసుపత్రి బిల్లు ఎక్కువవుతుంది. ఈ ఒక్క రాయి దగ్గర మీరు ఎంత చల్లినా నేను కిక్కురుమనను.

మీ వంశంలో అందరూ మీలాంటివాళ్ళు కారని కూడా ఒప్పుకోవాలి. ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల్లో బ్లాక్ గెలాక్సీ గ్రానైటు దిమ్మెల మీద పైపుతో నీళ్ళు కొడతారు. అక్కడ కొట్టించేది కొనేవాడు. దిమ్మె ఆరుతుంటే ఎక్కడ గీత మిగిలిందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, అంత మేరకు కొలత తగ్గించి బేరం మొదలెడతాడు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం నడుములు వంచుకుని వెతుకుతారు. అక్కడ వాన పైమట్టిని కడిగి రాయిని బయటపెడుతుంది. అవే నీళ్ళు. ఉద్యోగం చేసే తీరే వేరు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. మీ బల్ల మీదికి వచ్చే అకీకులో చాలా భాగం గుజరాత్‌లోని ఖంబాత్ మీదుగా వస్తుంది. రతన్‌పూర్ గనుల రాయిని ఆ ఊళ్ళో కాల్చి ఎర్రబరిచి, కొట్టి, సానపడతారు. ఆ తీరంలో ఈ విద్య హరప్పా నాటిది, లోథాల్ తవ్వకాల్లో పూసల కార్ఖానాయే బయటపడింది. అంత పాత విద్యను ఇవాళ చేసేవాళ్ళు చాలామంది ఇంటి వసారాల్లోనే, కరెంటు మోటారుకు బిగించిన చక్రాల మీద, పొడిగా చేస్తారు. అకీకంటే అచ్చంగా సిలికా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. నయం చేసే మందు లేదు, క్షయ దాని వెనకే వస్తుంది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ సంగతిని ఏనాడో నమోదు చేసింది: చక్రం ముట్టనివాళ్ళకు కూడా, ఆ ఇంట్లో, పక్కింట్లో ఉన్న పాపానికే ఆ జబ్బు వచ్చింది. నీళ్ళు పడుతూ సానపడితే ఆ దుమ్ము గాల్లోకి లేవడం బాగా తగ్గుతుంది. ఒక పైపు, ఒక పంపు, దుమ్ము లాగే ఫ్యాను. ఇంతకు మించి విజ్ఞాన శాస్త్రం కూడా అడగడం లేదు.

మీరేమో ఇక్కడ ఏసీ హాల్లో, ఎల్‌ఈడీ లైటు కింద, పరీక్ష పెట్టక ముందే పాసైన రాళ్ళకు స్నానాలు చేయిస్తున్నారు. అక్కడ మీ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంది. తడవాల్సిన రాయి పొడిగానూ, ఆరాల్సిన రాయి తడిగానూ ఉంది. ఇది మీ శాఖలో ఎవరి దృష్టికీ రాలేదంటే నేను నమ్మను.

కావున తమరిని వేడుకునేదేమంటే, అమ్మకం బల్ల దగ్గరి బాధ్యతల నుంచి తక్షణం తప్పుకుని, ఖంబాత్ చక్రాల దగ్గర డ్యూటీలో చేరగలరు. డిప్యుటేషన్ మీదైనా అభ్యంతరం లేదు. ఇక్కడ మీ సీట్లో ఒక పొడిగుడ్డను ఇన్‌చార్జిగా ఉంచితే చాలు, జీతం కూడా తక్కువే. ఎవరైనా కొనేవాడు గట్టిగా అడిగితే, ఒక్క చుక్క వేయడానికి వారానికోసారి విజిటింగ్‌కు రావచ్చు. వేసిన చుక్క ఆరేదాకా మాట్లాడకూడదన్నది ఒక్కటే షరతు.

ఇట్లు,
తమ తడికి తరచూ బోల్తా పడే ఖాతాదారుల్లో ఒకడు

తా.క.: బదిలీ మీద వెళ్ళేటప్పుడు, బల్ల కింద అట్టపెట్టెలో దాక్కుని ఉండే బేబీ ఆయిల్ సీసాను వెంట తీసుకుపొమ్మని మాత్రం అడగను. ఆవిడ పూసిన పూత అసలు ఆరదు, సబ్బుతో రుద్దితేగానీ పగులు బయటపడదు. ఆవిడకు వేరే ఉత్తరం రాస్తున్నాను, ఈసారి గౌరవ వాచకాలు లేకుండా.