మా సంఘంలో వివక్షకు తావు లేదు

విశాఖపట్నంలో జాతి వివక్ష అనేది లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. ఎం.వి.పి. కాలనీలో ఒక అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని నేను. టులెట్ బోర్డు చూసి వచ్చే ప్రతి మనిషినీ గేటు దగ్గరే ఎగాదిగా చూసే బాధ్యత నాది. వివక్ష ఉంటే ముందు నా కంటే పడాలి కదా.

అది ఎక్కడ ఉంటుందో నాకు బాగా తెలుసు. అమెరికాలో ఉంటుంది. డాలస్‌లో మా అబ్బాయి ఇల్లు ఖాళీ చేసినప్పుడు, గోడలకు తాలింపు వాసన పట్టిందంటూ యజమాని అడ్వాన్సులో కోత పెట్టాడు. ఇంగువ వాసన చూసి మనిషికి విలువ కట్టే ఆ సంస్కారానికి కుమిలిపోయాను. ఆ బాధలోనే కూర్చుని మా సంఘం నియమాలకు ఒక సవరణ రాశాను: ఎండుచేపలు వండేవారికి ఫ్లాట్లు ఇవ్వరాదు. సముద్రం నడిచి వెళ్ళేంత దూరం, మత్స్యకారులుండే పెదజాలారిపేట ఇంకా దగ్గర. అయినా సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది.

ఈ మధ్య ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఇథియోపియా పెద్దమనిషి ఒకరు అద్దెకు అడగవచ్చారు. తన దేశంలో అధ్యాపకుడట. "నల్లాయన ఎవరో వచ్చారండీ" అన్నాడు వాచ్‌మన్. అలా అనకూడదని వాడిని అక్కడికక్కడే మందలించి, "నైజీరియా ఆయన అనాలి" అని నేర్పాను. వచ్చినాయన ఇథియోపియా అని సవరించారు. ఆఫ్రికాలో యాభైకి పైగా దేశాలున్నాయి, ఎన్నని గుర్తుంచుకుంటాం? మాటల్లో, 1896లో అడ్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించిన దేశం తమదని కూడా చెప్పారు. ఆ ఏడాది మనవాళ్ళు వాల్తేరు అప్‌లాండ్స్‌లో దొరల బంగళాల ముందు తలవంచుకుని నడుస్తున్న సంగతి నాకు గుర్తుకు రాకపోలేదు. కానీ చరిత్ర వేరు, అద్దె వేరు. ఫ్లాటు నిన్ననే అయిపోయిందని, బోర్డు తీయడం మరచిపోయామని చెప్పి పంపించాను. బోర్డు ఇంకా అక్కడే ఉంది. మరపు మానవ సహజం.

పరాయి దేశస్థుల దగ్గరే ఇలా ఉంటామని అనుకోవద్దు, మాకు అందరూ సమానమే. తెలుగువాళ్ళు వస్తే ముందు ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరుతో తేలకపోతే సొంత ఊరు, ఊరితోనూ తేలకపోతే పెళ్ళి ఎక్కడ చేసుకున్నారని. అప్పటికీ తేలకపోతే "ఇంతకీ మీరెవరండీ?" అని మర్యాదగానే అడుగుతాం. "మనుషులమండీ" అని జవాబిచ్చే పెడసరం మనుషులు కొందరు ఉంటారు. వాళ్ళకు శాకాహారులకే ఇస్తున్నామని చెబుతాం. బ్యూటీ పార్లర్‌లో పనిచేసే మణిపూర్ అమ్మాయిలు ఇద్దరు వస్తే పాస్‌పోర్టు చూపించమన్నాను. ఆధార్ కార్డులు తీశారు. మీకు కూడా ఇస్తారా అని మనస్ఫూర్తిగా ఆశ్చర్యపోయాను. అందులో తప్పేముంది?

ఇక రంగు. మా ఇంట్లో ఆ పట్టింపే లేదు. మనవరాలు పుట్టగానే మా ఆవిడ చెవి కొనలు చూసి నిట్టూర్చింది కానీ, అది కేవలం శాస్త్రీయమైన పరిశీలన. మా తమ్ముడి కూతురికి సంబంధాలు చూసేటప్పుడు "నలుపే గానీ కళగల ముఖం" అని రాయించాం. ఆమెకు బ్యాంకు ఉద్యోగం వచ్చిన నెలలోనే అదే ముఖం చామనఛాయకు తిరిగింది. ఫోటో స్టూడియో అతను ఇంకో రెండు మెట్లు ఎక్కించాడు. ఏడాది పొడుగునా చందనం మాటున ఉండే సింహాద్రి అప్పన్న అక్షయ తృతీయనాడు నిజరూపం చూపిస్తాడని మనం చీకటితోనే వెళ్ళి క్యూలో నిలబడతాం. పిల్ల నిజరూపం మాత్రం తాంబూలాలు పుచ్చుకునే దాకా పెళ్ళివారి కంట పడనివ్వం. ప్రపంచంలో జరిగే అన్యాయాలకు మనం స్పందించడం లేదని కాదు. 1975 నుంచి మన అద్దాల ముందున్న ఫెయిర్ అండ్ లవ్లీ, మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ఊపిరి ఆగిన 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. కొత్త పేరుతోనే కొంటున్నాం.

ఈ విషయంలో మన పూర్వులు చూపిన నిబ్బరం మనకు లేదు. పంజాబ్ నుంచి వెళ్ళి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కేసు 1923లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పటి చట్టం ప్రకారం, వలస వచ్చినవారిలో తెల్లవాళ్ళకూ ఆఫ్రికా సంతతివాళ్ళకూ మాత్రమే పౌరసత్వం. థింద్ తరఫువారు ఏమని వాదించారు? మాది ఆర్య రక్తం, అగ్రకులం, మీరు నీగ్రోను ఎలా చూస్తారో మా దేశపు ఆదివాసులను మేమూ అలాగే చూస్తాం, కనుక మేమూ తెల్లవాళ్ళమే అని. ఇంత పక్కా యోగ్యతాపత్రం చూపించినా కోర్టు కరగలేదు. సామాన్యుడి కంటికి ఇతను తెల్లవాడు కాడని ఏకగ్రీవంగా తేల్చేసింది. ఆఫ్రికా సంతతివారికి ఆ చట్టంలో 1870 నుంచే తలుపు తెరిచి ఉంది. ఆ తలుపు వైపు మనవాళ్ళు కన్నెత్తి కూడా చూడలేదు. పౌరసత్వం పోతే పోయింది, పరువు నిలబడింది.

ఇంతకీ ఈ రాష్ట్రంలో పుట్టుక కారణంగా అన్యాయమైపోయిన మనిషి ఒకరున్నారు. అది నేనే. అరకులో లోయ కనిపించే చోట చిన్న రిసార్టు కడదామని స్థలం చూసుకున్నాను. 1/70 చట్టం అడ్డు వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదట. ఎవరికి చెప్పుకోవాలి? బీచ్ రోడ్డులో ఉత్సవాలు జరిగినప్పుడు గిరిజనుల పక్కన నిలబడి థింసా ఆడినవాడిని, ఫోటో ఉంది. పొద్దున్నే తాగేది వాళ్ళ కాఫీయే. పాడేరు నుంచి నర్సింగు చదవడానికి వచ్చిన పిల్ల గది అడిగితే ఇవ్వలేదంటే, అది సంఘం నిర్ణయం, నా ఒక్కడిదీ కాదు. ఇది మాత్రం సాక్షాత్తూ చట్టం! ఫలానా తెగలో పుట్టలేదన్న ఒకే ఒక్క కారణంతో మనిషికి జాగా లేదనడం ఎక్కడి న్యాయం? రాజ్యాంగంలో వివక్ష కూడదనే 15వ అధికరణం ఎందుకున్నట్టు?

ఈ దారుణంపై ప్రభుత్వానికి మహజరు పంపుతున్నాం. కలిసివచ్చేవారు సాయంత్రం ఆరు తరువాత మా గేటు దగ్గర వాచ్‌మన్ ఇచ్చే పుస్తకంలో సంతకం చేయవచ్చు. ఇంటిపేరు పూర్తిగా రాయాలి. పొడి అక్షరాలు చెల్లవు.